జింకతోలు బొమ్మ

"నేను దిగను. దిగితే నా శవమే దిగాలి," అంది అచ్చాయమ్మ.

పొద్దుటి నుంచీ ఆవిడ ఈ మాట అనడం ఇది ఏడోసారి. దిగవలసింది కొండా కాదు, గుర్రమూ కాదు. బొమ్మల పెట్టె. చద్దన్నం వేళకి ఎక్కిన మనిషి పొద్దు నడినెత్తికి వచ్చినా కదల్లేదు. కొబ్బరితోటలో తాటాకు పాక కింద, పనసచెక్క పెట్టె మీద, అరవయ్యేళ్ళ ముసలమ్మ కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. లోపల నూట పది తోలుబొమ్మలు. పైన ఒక పట్టుబొమ్మ. పట్టుచీర కట్టిందని కాదు, పట్టు వదలదని.

సాయంత్రం దీపాలు పెట్టగానే ఆట. ఆడవలసిన బొమ్మలన్నీ ఆవిడ కింద ఉన్నాయి.

"అత్తా, లెగు. తాళ్ళు చూసుకోవాలి. కీళ్ళు బిగించుకోవాలి," అంది గంగాదేవి.

గట్టిగా అనలేదు. గట్టిగా అనే ఓపిక ఉదయమే అయిపోయింది.

మేళానికి పెద్ద గంగాదేవే. ఏ బొమ్మ ఎప్పుడు రావాలో, ఎవరు పాడాలో, ఎవరు నోరు మూసుకోవాలో తెర వెనక ఆవిడ కంటిసైగ చెబుతుంది. మామగారు చూపు పోయాక, కొడుకు ఎదురుగా ఉన్నా, ఆడించే కర్రలు కోడలి చేతిలో పెట్టి పోయేడు. అప్పటినుంచి పన్నెండేళ్ళుగా ఈ గోదావరి పాయల మధ్య ఊళ్ళలో "ఆడది ఆడించే ఆటట" అని జనం నవ్వుకుంటూ వస్తున్నారు. వచ్చినవాళ్ళు నవ్వడం మరిచిపోయి వెళ్తున్నారు. అక్కడే వచ్చింది చిక్కు. నవ్వినంతసేపు ఊరికి ఏ బాధా లేదు.

"లెగను. ముందు ఆ గుండుదాన్ని బయటికి తియ్యి," అంది అచ్చాయమ్మ.

"నువ్వు లెగకపోతే ఎలా తియ్యనత్తా?"

"తీస్తానని మాటివ్వు, లెగుస్తాను."

"మాటివ్వను."

"అయితే లెగను."

పాక గుంజకి ఆనుకుని దుర్గారావు కొబ్బరితాడు పేనుతున్నాడు. గంగాదేవికి మొగుడు, అచ్చాయమ్మకి కొడుకు. ఇద్దరిలో ఎవరివైపూ చూడకుండా ఊరుకున్నాడు. ఊరూరా తిరిగే బతుకు కదా, ఊరుకోవడం బాగా వంటబట్టింది.

"ఏరా, నీకు నోరు లేదా?" అంది తల్లి.

"తాడు తెగిపోద్దమ్మా, మాట్లాడితే," అన్నాడు దుర్గారావు.

అచ్చాయమ్మ కోపం మళ్ళీ కోడలి మీదికి మళ్ళింది.

"లేడితోలు దేవుళ్ళకి. మేకతోలు మనుషులకి. దున్నపోతు తోలు రాక్షసులకి. ఇది మీ మావ పెట్టిన రివాజు కాదు, ఆయన తాతల్నాటిది. పోయిన కార్తీకంలో చిల్లులు పడ్డ పెద్ద వినాయకుణ్ణి దణ్ణం పెట్టి గోదాట్లో కలిపేం. కొత్త వినాయకుడికని ఒక్క జింకతోలు దాచేం. అది పట్టుకెళ్ళి ఒక విధవముండని చెక్కుతావా? చెక్కి దేవుళ్ళ పక్కన పడుకోబెడతావా?"

"పడుకోబెట్టడానికి కాదత్తా, నిలబెట్టడానికే చేసేను."

"ఇప్పుడు తొలిదణ్ణం ఎవరికి పెడతావు? గుండుకా?"

"చిన్న వినాయకుడున్నాడు కదా."

"చిన్నాడు! ఆడికి తొండం అతుకు."

గంగాదేవికి నవ్వు రావలసిన చోటది. రాలేదు. ఆ అతుకు వేసింది తనే.

"మేకతోలు మీద చెక్కేను మొదట. నువ్వే చూసేవు," అంది. "దీపం ముందు పెడితే మొహం నల్లగా పడింది. ఎంత గీకినా వెలుగు దూరలేదు. ఆ పిల్ల తలుపేసుకుని 'ఇక చాలు' అన్నప్పుడు మొహం వెలగాలత్తా. నల్లటి మొహంతో అంటే ఏడుస్తుందనుకుంటారు. అది ఏడవట్లేదు."

ఆ పిల్ల కథ గంగాదేవి అల్లుకున్నదే. ఏడో ఏట పెళ్ళయి, తొమ్మిదో ఏట మొగుడు పోయి, పదహారో ఏట జుట్టు పోయిన పిల్ల. మంగలి నెలనెలా వస్తాడు. ఒక నెల వచ్చేసరికి తలుపు వేసి ఉంటుంది. ఇంటిల్లిపాదీ బాదుతారు. లోపలి నుంచి పాట వస్తుంది. పాటయ్యాక ఆ పిల్ల తలుపు తీసుకుని, అందరి మధ్య నుంచీ నడిచి, తెర కుడి అంచు దాటి వెళ్ళిపోతుంది. అంతే ఆట.

"మనలో మొగుడు పోతే మారుమనువుంది," అంది అచ్చాయమ్మ. "నన్ను చూడు. మొదటాడు పడవ బోల్తాపడి పోతే ఏడాది తిరక్కుండా మీ మావ నాకు చీరెట్టేడు. ఎవడన్నా నా జుట్టు ముట్టుకున్నాడా? ఆ గొడవ పెద్దకులాలోళ్ళది. ఆళ్ళ గుళ్ళూ ఆళ్ళవే, గుండ్లూ ఆళ్ళవే. మధ్యలో మన మేళం ఎందుకే?"

"ఆళ్ళు చెప్పుకోలేరు కాబట్టి."

"నువ్వు చెబితే జుట్టు మొలుస్తదా?"

ఈ ప్రశ్న గంగాదేవి ఒక్కో ఊళ్ళో ఒక్కో గొంతుతో విన్నది. కపిలేశ్వరపురం వైపు ముసలి పెళ్ళికొడుకు ఆట కట్టినప్పుడు పెద్దమనుషులు సగంలో లేచి పోయేరు. ఆడవాళ్ళు మాత్రం దీపాలు ఆరిపోయినా కూర్చుని, "మళ్ళీ ఎప్పుడొస్తారే?" అని అడిగేరు. ఓడలరేవులో పల్లెవాళ్ళ ఆడంగులు చేపల బుట్టలు దించుకుని మరీ చూసేరు. తరవాతి ఏడు ఆ రెండు ఊళ్ళ పెద్దలూ మేళాన్ని పిలవలేదు. అడిగినవాళ్ళకి పిలిచే అధికారం లేదు. పిలిచేవాళ్ళకి అడిగే అవసరం లేదు. తోలుబొమ్మలవాళ్ళకి తోలుమందం ఉండాలంటారు గానీ, పన్నెండేళ్ళు గీకితే ఏ తోలైనా పలచబడుతుంది.

"పాట మాత్రం నువ్వే పాడాలత్తా," అంది చివరికి. "తలుపు వెనక పాట. నా గొంతు చాలదు దానికి."

"నా పీక మీద కత్తి పెట్టినా పాడను. ఆ బొమ్మని ఇలా తే, గోదాట్లో గిరాటేస్తాను."

"పెట్టెలో ఉంది."

"తియ్యి మరి!"

"నువ్వు పెట్టె మీదున్నావు."

అచ్చాయమ్మ లెక్క వేసుకుంది. పారెయ్యాలంటే తియ్యాలి, తియ్యాలంటే తెరవాలి, తెరవాలంటే దిగాలి. మొత్తానికి కోపమే ఆవిణ్ణి కిందికి దింపింది. నడుం పట్టేసి "అమ్మో" అంది. గంగాదేవి చెయ్యి అందించబోతే విదిలించుకుంది.

మూత లేచింది. దేవుళ్ళ మీద పరిచిన ఎర్రగుడ్డ తీసి, అందరికన్నా పైనున్న బొమ్మని అచ్చాయమ్మ మెడ పట్టుకుని లాగింది. గిరాటేసేందుకు పాక బయటికి నాలుగడుగులు వేసింది కూడా.

బయట ఎండ నిలువుగా ఉంది. బొమ్మ ఎండకి అడ్డం వచ్చింది.

ఆవిడ ఆగిపోయింది.

తెల్లచీర తెల్లగా లేదు, పాలలో తేనె చుక్క వేసినట్టుంది. మొహం లోపలి నుంచి వెలుగుతోంది. తలలో జుట్టు లేకపోవడం ఒక లోటులా కాకుండా, కడిగిన ఇత్తడి చెంబులా మెరుస్తోంది. యాభై ఏళ్ళుగా బొమ్మల మధ్య బతికిన మనిషికి పనితనం కనపడకుండా ఉండదు. ఇంకా దగ్గరికి తీసుకుని, తోలు మీద గీకిన జాడలు ఎండలో చూసింది. ఒకసారి తిప్పి చూసింది. మళ్ళీ తిప్పింది.

"గంగా, ఈ తోలు నువ్వు గీకలేదు," అంది.

గంగాదేవి ఎర్రగుడ్డ మడత పెట్టసాగింది.

"కుడిచేత్తో గీకితే జాడలు ఇటు వాలతాయి. ఇవి అటు వాలేయి. మన మేళంలో ఎడంచెయ్యి ఒక్కడిదే."

కొబ్బరితాడు పేనే చప్పుడు ఆగింది.

"నువ్వేనంట్రా?"

"ఆయ్," అన్నాడు దుర్గారావు.

ఒకటిన్నర అక్షరం. అది రావడానికి పొద్దుటి నుంచీ పట్టింది.

"తోలు దేనికో తెలిసే గీకేవా?"

"తెలిసే. మూడు రోజులు పట్టింది. నువ్వు ముక్తేశ్వరం తిరణాలకెళ్ళినప్పుడు."

అచ్చాయమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బొమ్మని ఒళ్ళో పెట్టుకుని కొబ్బరిచెట్టు మొదట్లో కూలబడింది.

ఇప్పుడు గంగాదేవి మొగుడివైపు తిరిగింది.

"పొద్దుటి నుంచీ ఆ మాటలన్నీ నేను పడుతున్నాను కదా మావా."

"ఉఁ."

"తోలు దొంగ, దేవుడి సొమ్ము తిన్నది, మేళం ముంచేది. అన్నీ నన్నే అంది. నువ్వు విన్నావు."

"విన్నాను."

"ఒక్కసారి 'నేనూ ఉన్నాను' అనలేకపోయేవా?"

దుర్గారావు తాడు వైపు చూసుకున్నాడు. "నువ్వు పడగలవు కదా గంగా. నేను పడలేను."

ఇంతకన్నా నిజమైన మాట ఆయన నోటివెంట పెళ్ళయ్యాక రాలేదు. ఇంతకన్నా అలిసిపోయే మాట ఆవిడ చెవిన పడలేదు. అలకకి ఒక మనిషి చాలు, పోట్లాటకి ఇద్దరు కావాలి, అలుపుకి ఎవరూ అక్కర్లేదు. ఆవిడ వెళ్ళి పెట్టెలోంచి ఒక్కొక్క బొమ్మే తీసి, చేతుల కీళ్ళు ఆడించి చూసి, చాపమీద వరసగా పరచసాగింది.

ఎండ పడమటికి తిరిగేసరికి కాలవగట్టు మీంచి కరణంగారి పాలేరు ముసలయ్య వచ్చేడు. వట్టి చేతులతో వచ్చేడు. అందరి కళ్ళూ ముందు ఆ చేతుల మీదే పడ్డాయి.

మేళం ఏ ఊరు వెళ్ళినా తెరగుడ్డ ఆ ఊరి పెద్దింటి నుంచి రావాలి. ఉతికిన తెల్లపంచెలు రెండు కలిపి కుడతారు, ఆటయ్యాక ఆ ఇంటికే పంపేస్తారు. ఊరి గుడ్డ మీద ఆడితే ఊరు ఒప్పుకున్న ఆట. సొంత గుడ్డ కట్టుకుంటే దొంగాట. అలా ఆడిన మేళాన్ని పక్క ఊరు పొలిమేర తొక్కనివ్వదు. ముక్తేశ్వరానికి కూతవేటు దూరంలో ఉన్న ఈ అగ్రహారంలో ఆ పెద్దిల్లు కరణం సోమేశ్వరరావుగారిది.

"గంగమ్మా, కూర్చోనమ్మా, చెప్పేసి పోతాను," అన్నాడు ముసలయ్య. "కరణంగారు పంచెలివ్వనన్నారండి. ఆ కొత్త ఆట మానేసి దేవుళ్ళ ఆట ఆడితే ఇస్తారంట. లేకపోతే చీకటి పడకుండా పడవెక్కి పొమ్మన్నారు."

"కొత్త ఆట సంగతి ఆయనకెవరు చెప్పేరు?"

"తోటలో మూడు రోజుల్నుంచి పాడుతున్నారు కదమ్మా. కరణంగారింటి నూతికీ ఈ తోటకీ మధ్య ఒక్క దడేనాయె. ఇంట్లో సూరమ్మగారున్నారు, ఆయన చెల్లెలుగారు. ఆ ఆట ఆవిడ మీదే కట్టేరని కరణంగారు అగ్గిమీదున్నారు."

"ఆవిణ్ణి నేను చూడనే లేదు ముసలయ్యా!"

"నాకు తెలుసమ్మా. ఆయనకి చెప్పగలనా?"

కరణం అన్న మాటలోనే రణం ఉంది. ముందున్న 'క' కచేరీ. రణం చేసేదీ ఆయనే, కచేరీ చేసి తీర్పు చెప్పేదీ ఆయనే.

"అడిగేనని చెప్పు," అంది గంగాదేవి. "ఆ ఆట ఎవరి మీదా కాదని, ఒక్కసారి వచ్చి చూసి, అప్పుడు వద్దంటే మానేస్తానని చెప్పు."

"చెబుతానమ్మా. ఆయన రారు," అని ముసలయ్య వచ్చిన దారినే పోయేడు.

దుర్గారావు లేచి వచ్చేడు. "దేవుళ్ళ ఆట ఆడేద్దాం గంగా. ఈ ఒక్క ఊరికీ."

"ఒక్క ఊరు, ఒక్క ఊరు అని పన్నెండేళ్ళల్లో ఎన్ని ఒక్క ఊళ్ళయ్యేయో."

"ఆడకపోతే ఆ బొమ్మ చచ్చిపోదు కదా. పెట్టెలో ఉంటది."

"పెట్టెలోనే ఉంటది మావా. నా బాధ కూడా అదే."

తెరకి గుడ్డ లేదు, మనసుకి తెరిపి లేదు. గంగాదేవి చాపమీద పరిచిన బొమ్మల వైపు చూసింది. మళ్ళీ పెట్టెలో సర్దేస్తే సరి. వినాయకుణ్ణి నిలబెట్టి, నాలుగు పద్యాలు పాడి, నలుగురూ దణ్ణం పెట్టుకుంటే పడుకోవచ్చు. పడుకోవాలని ఆవిడకి నిజంగానే ఉంది. ఒక నెల్లాళ్ళు, ఎవరూ ఏమీ అడగని చోట.

అప్పుడే దడి దగ్గర కొబ్బరాకులు కదిలేయి.

తెల్లచీర చెంగు తల మీంచి నుదుటి దాకా లాక్కుని ఒకావిడ దడి సందులోంచి వంగి ఇవతలికి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. మేళం వాళ్ళకి నాలుగు బారల దూరంలో ఆగి, చేతిలోని మూటని నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది. ఆ ఇంటి ఆచారం ఆ రెండడుగుల్లో ఉంది.

"గంగాదేవి అంటే ఎవరు?" అంది.

"నేనేనండి."

"నేను సూరమ్మని. రెండు చీరలున్నాయి ఇందులో. ఉతికినవే. తెరకి చాలతాయా?"

ఎవరూ ముందుకు రాలేదు.

"మా అన్నయ్య పంచెలివ్వనన్నాడని విన్నాను. ఊరి పెద్దింటి గుడ్డే కదా మీకు కావలసింది? ఇదీ ఆ ఇంటి గుడ్డే," అంది సూరమ్మ. "ఆ ఇంట్లో నావని చెప్పుకోడానికి ఈ రెండే ఉన్నాయి."

"అమ్మా, మీ చీర తెర మీద చూస్తే కరణంగారు..." గంగాదేవి మాట పూర్తి కాలేదు.

"గుర్తు పడతాడు. రోజూ తీగమీద ఆరేసి ఉండేవే కదా. గుర్తుపట్టేక నన్ను గడప తొక్కనివ్వడు. తొక్కాలని నాకూ లేదు. అందుకే నీ దగ్గిరకొచ్చేను." ఆవిడ గొంతులో ఏడుపు లేదు. ఏదో వంట సంగతి మాట్లాడుతున్నట్టు ఉంది. "మూడు రోజులుగా నూతి దగ్గర నుంచుని నీ ఆట వింటున్నాను. ఆ పిల్ల తలుపు తీసుకుని తెర అంచు దాటి వెళ్ళిపోతుంది కదా?"

"అవునండి."

"ఎక్కడికెళ్ళింది?"

గంగాదేవి కళ్ళు చాపమీది బొమ్మల మీదికి పోయేయి.

"అంచు దాటేక ఆ పిల్లకి అన్నం ఎవరు పెట్టేరు? ఆ రాత్రి ఎక్కడ పడుకుంది? తెల్లారి ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ఎవరు అడ్డం నిలబడ్డారు? మూడు రోజులూ చెవి దడికి ఆనించి విన్నాను. అది రాలేదు."

"అది... కట్టలేదమ్మా," అంది గంగాదేవి.

"నాకు కావలసిందదే."

పన్నెండేళ్ళుగా బొమ్మల చేత ఎన్ని మాటలు చెప్పించిందో గంగాదేవికే లెక్క లేదు. తన నోటితో ఒక్కటి చెప్పవలసి వచ్చేసరికి ఒక్కటీ దొరకలేదు. అంచు దాటిన బొమ్మని ఆవిడ ఎప్పుడూ ఒకటే చేసేది. తాడు విప్పి, చాప మీద బోర్లా పడుకోబెట్టి, తరవాతి బొమ్మ అందుకునేది.

చెట్టు మొదట్లోంచి అచ్చాయమ్మ గొంతు వినిపించింది.

"అమ్మగారూ, మా కుండలో నీళ్ళు తాగగలరా మీరు?"

సూరమ్మ ఆ కుండ వైపు చూసింది.

"ఇప్పటిదాకా ఎవరిళ్ళల్లోనూ తాగలేదు," అంది నెమ్మదిగా. "దాహం వేసినప్పుడు చూడాలి."

"అబద్ధం చెప్పలేదు," అంది అచ్చాయమ్మ, ఎవరితో అన్నట్టూ కాకుండా. "తాగేస్తానని ఉంటే నమ్మేదాన్ని కాదు."

పొద్దు వాలుతోంది. గట్టు మీద అప్పుడే తాటాకు చాపలు చంకన పెట్టుకుని ఆడవాళ్ళు ఇద్దరూ ముగ్గురుగా వస్తున్నారు. ముందు వరసలో చోటు కోసం తొందరగా వచ్చేవాళ్ళు. ఆట లేదన్న కబురు వాళ్ళకింకా చేరలేదు. వాళ్ళలో ఒకావిడ తోటలోకి చూసి, తెల్లచీరని గుర్తుపట్టి, పక్కావిణ్ణి మోచేత్తో పొడిచింది.

వాళ్ళ వెనక, కాలవ మలుపు అవతల నుంచి ముసలయ్య కేక వినపడింది.

"సూరమ్మగారూ! అమ్మా, సూరమ్మగారూ! అన్నగారు పిలుస్తున్నారండీ!"

సూరమ్మ తల తిప్పలేదు. గంగాదేవి మొహంలోకే చూస్తోంది.

ఆట ఆడితే ఆ చీర ఊరందరి కళ్ళముందూ పరిచినట్టే. ఆట సగంలో ఉండగానే కరణంగారి మనుషులు తెర వెనక్కి వస్తారు, ఈవిణ్ణి లాక్కుపోతారు. ఆడకుండా ఇప్పుడే రేవు వదిలితే, చీకటి పడేలోగా కోటిపల్లి దాటెయ్యొచ్చు. కానీ చాపలు పరుచుకుంటున్న ఆ ఆడవాళ్ళెవరూ ఆ మొహం వెలగడం చూడరు. కరణం ఇంటి పిల్లని ఎత్తుకుపోయిన మేళాన్ని ఇక ఏ ఊరూ పిలవదు.

దుర్గారావు వచ్చి నేలమీది మూటని ఎడంచేత్తో తీసేడు. ఎవరూ చెప్పకుండా ఆయన ముందుకు వచ్చి ఏదన్నా అందుకోవడం ఈ రోజుకి ఇదే మొదలు.

"చెప్పు గంగా," అన్నాడు. "తెర కట్టమంటావా, పడవ విప్పమంటావా?"